అరణ్మనైక్కారన్ వీధి నుంచి శాంథోమ్ దాకా: తాతయ్య కాగితంతో నాలుగు రోజులు

మా తాతయ్య జ్ఞానస్నానపు కాగితం మా ఇంట్లో ఇనప్పెట్టెలో ఉంటుంది. 1926 నాటిది. మడత పడిన చోట చిరిగితే అమ్మ ఎప్పుడో వెనకాల పల్చటి తెల్లగుడ్డ అతికించింది. తాతయ్య పేరు, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞానతండ్రి పేరు, గుంటూరు జిల్లాలోని మా విచారణ (ఒక ఫాదర్ చూసుకునే గుడి, దాని పరిధి) పేరు, అన్నిటికీ పైన మద్రాసు అగ్రపీఠం, అంటే ఆర్చ్‌బిషప్ పీఠం, అని లాటిన్‌లో. చిన్నప్పుడు అది చూసి తాతయ్య మద్రాసులో పుట్టాడనుకునేదాన్ని. ఆయన పుట్టిందీ పోయిందీ ఒకే ఊళ్ళో. మద్రాసు ఒక్కసారి కూడా చూడలేదు.

అసలు సంగతి ఏమిటంటే, 1928 జూలై దాకా మన నెల్లూరు, గుంటూరు వైపు కతోలికులకు పెద్దదిక్కు మద్రాసు ఆర్చ్‌బిషప్ గారే. ఆ జూలైలో నెల్లూరు మేత్రాసనం, అంటే ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం, వేరుపడింది. 1940లో నెల్లూరు నుంచి గుంటూరు వేరుపడింది. అంటే తాతయ్యకు పద్నాలుగేళ్ళు వచ్చేసరికి మూడు పీఠాలు మారిపోయాయి. ఊరు అదే, ఇల్లు అదే, ఆ ఊరి లెక్కలు చేరే ఇల్లు మాత్రం మారుతూ వచ్చింది. మద్రాసు నుంచి బిషప్ దొరగారు వస్తున్నారంటే ఊరు ఊరంతా గోడలకు సున్నం వేసుకునేవాళ్ళని తాతయ్య వాళ్ళమ్మ చెప్పేదట.

ఆ దొరగారు బయల్దేరి వచ్చిన ఇల్లు ఎక్కడిది? ఇప్పుడు ఎవరుంటున్నారు? పిన్ని వాళ్ళు చెన్నైలోనే ఉన్నా, ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న పట్టుకుని ఎప్పుడూ వెళ్ళలేదు. మొన్న నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్ళొచ్చాను. కాగితం ఇంట్లోనే ఉంచి, దాని జిరాక్స్ తీసుకెళ్ళాను.

2025 జనవరి 20, సోమవారం: పెరంబూరు

ఇల్లు చేరేసరికి చీకటి పడింది. బాబాయి కోచ్ ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడు. నలభై ఏళ్ళుగా పెరంబూరే. ఆ వీధిలో తెలుగు ఇళ్ళు ఇంకా ఏడెనిమిది ఉన్నాయి, అందరూ రైల్వే వాళ్ళే. పిన్ని వంజరం చేప ముక్కలు వేయించింది. కిలో వెయ్యి దాటిందని చెబుతూనే నా కంచంలో నాలుగు ముక్కలు వేసింది.

ఎందుకొచ్చానో చెప్పగానే పిన్ని ఒక మాట అడిగింది. "ఒక్క మనిషి. పెళ్ళాం పిల్లలు లేని మనిషి. ఆయనకు అంత పెద్ద ఇల్లు ఎందుకే?" నా దగ్గర అప్పటికి సరైన జవాబు లేదు. చూసొచ్చి చెబుతానన్నాను.

జనవరి 21, మంగళవారం: అర్మేనియన్ వీధి

హైకోర్టు వెనకనుంచి నడిచి వెళ్ళాం. సన్నటి వీధి. కాగితం బేళ్ళు ఎత్తిన మూడు చక్రాల బళ్ళు, వాటి సందున స్కూటర్లు, వాటి సందున మేము. వీధి మొదట్లో తమిళ బోర్డు చూసి బాబాయి ఆగిపోయాడు. "అరణ్మనైక్కారన్ తెరు అని రాశారమ్మా. అరణ్మనై అంటే రాజభవనం. రాజభవనం వాడి వీధి అని."

ఆ పేరు వెనక రాజూ లేడు, భవనమూ లేదు. అర్మేనియా నుంచి వచ్చిన వర్తకులు ఇక్కడ ఉండేవాళ్ళు. ఆ మాట తమిళ నాలుక మీద తిరిగి తిరిగి అరణ్మనై అయింది. అయినా నాకు ఆ బోర్డు చూసి సంతోషం కలిగింది. నేను వెతుక్కుంటూ వచ్చింది ఒక బిషప్ భవనాన్ని. అది నిజంగా ఈ వీధిలోనే ఉండేది.

ముందు అర్మేనియన్ల గుడి వచ్చింది. 1712లో కట్టి, 1772లో మళ్ళీ కట్టారు. లోపల దేవగన్నేరు చెట్లు, నేల మీద పరిచిన సమాధి రాళ్ళు. ప్రపంచంలోనే మొదటి అర్మేనియన్ పత్రికను 1794లో మద్రాసులో అచ్చువేసిన షమావోనియన్ అనే ఫాదర్ సమాధి ఇక్కడే ఉంది. బయట అంత రద్దీలో, గేటు దాటిన రెండు అడుగులకే మా చెప్పుల చప్పుడు మాకు వినిపించింది. బాబాయి గొంతు తగ్గించి మాట్లాడాడు.

అక్కడి నుంచి ఇంకొంచెం నడిస్తే మరియమాత కో-కెథీడ్రల్. కెథీడ్రల్ అంటే బిషప్ పీఠం ఉండే గుడి, కో-కెథీడ్రల్ దానికి తోడుగా ఉండేది. గేటు మీద 1642 అని అంకె. మంగళవారం కాబట్టి గేటు బయట నుంచే జనం. పునీత అంతోనివారికి మంగళవారం ప్రత్యేకం. కొవ్వొత్తులు, మల్లెమాలలు, చేతిలో మడిచిన మనవి చీటీలు. మా ముందు నిలబడ్డ ఆవిడ నుదుట పెద్ద బొట్టు, ముక్కుకు రెండు వైపులా పుడకలు. బాబాయి నాతో తెలుగులో మాట్లాడటం విని వెనక్కి తిరిగింది.

"మీరు ఆంధ్రానుంచి వచ్చినారా? మాది కొత్వాల్ చావడి. మా అత్తగారు ప్రతి మంగళవారం వస్తా ఉండె. ఆమె పోయినాక నేను వస్తా ఉండా. కన్యకాపరమేశ్వరి గుళ్ళో ఒక దీపం, ఈడ ఒక కొవ్వొత్తి." మా చేతులు ఖాళీగా ఉండటం చూసి తన పొట్లంలోంచి ఒక కొవ్వొత్తి తీసి ఇచ్చింది. డబ్బులిస్తే తీసుకోలేదు. "అంతోనియార్‌కి ఇచ్చేదానికి దుడ్లు తీసుకుంటారా?" అంది.

ఈ గేటు మీది 1642 వెనక కథ తెలుసుకోకపోతే ఇక్కడి ఇల్లూ అర్థం కాదు, శాంథోమ్ ఇల్లూ అర్థం కాదు. ఆ ఏడాది కపూచిన్ అనే సన్యాసుల సభకు చెందిన ఎఫ్రేమ్ అనే ఫ్రెంచి ఫాదర్ బర్మాలోని పెగూకు వెళుతూ మద్రాసులో ఆగాడు. ఇంగ్లీషు వాళ్ళు ఇక్కడ తమ కోట అప్పుడప్పుడే కడుతున్నారు. అందులోని కతోలికులు పూజకోసం ఆరేడు కిలోమీటర్ల దూరంలో మైలాపూర్ వైపు ఉన్న శాంథోమ్‌కు, అంటే పోర్చుగీసు వాళ్ళ ఊరికి పోవడం ఇంగ్లీషు వాళ్ళకు ఇష్టం లేదు. అందుకని ఈయన్ను ఇక్కడే ఉండిపొమ్మన్నారు. ఆయన ఉండిపోయాడు. శాంథోమ్‌లో పోర్చుగీసు రాజు ఎంచిన బిషప్ పీఠం అప్పటికే ఉంది. తమ పొలిమేరలో తమను అడగకుండా ఇంకో గురువు (ఫాదర్) గుడి పెట్టాడన్న కోపం పెరిగి, 1649లో శాంథోమ్ వాళ్ళు ఎఫ్రేమ్ ఫాదర్‌ను పట్టుకుని గోవాలోని ఇన్‌క్విజిషన్ (సభ నడిపే మత విచారణ కోర్టు) జైలుకు పంపారు. ఆయన్ను విడిపించింది ఎవరనుకున్నారు? గోల్కొండ వాళ్ళు. సేనాని మీర్ జుమ్లా శాంథోమ్ మీదికి వచ్చి ఒత్తిడి పెట్టాకే ఆయన బయటికి వచ్చాడు. ఒక కతోలిక గురువు కోసం గోల్కొండ సైన్యం పోర్చుగీసు ఊరి మీదికి పోయిందన్న ముక్క మన బడి పుస్తకాల్లో ఎందుకు లేదో నాకు ఇప్పటికీ బాధే.

అలా మొదలైన రెండు గుళ్ళ మధ్య దూరం మూడు వందల ఏళ్ళు ఉండిపోయింది. ఇప్పుడున్న గుడి 1775 నాటిది. 1830లలో రోము నేరుగా మద్రాసుకు ఐర్లండు బిషప్‌లను పంపడం మొదలుపెట్టింది. ఓకానర్, ఆయన తర్వాత ఫెనెల్లీ అన్నదమ్ములిద్దరూ ఒకరి వెనక ఒకరు, తర్వాత కోల్గన్. 1886లో మద్రాసు అగ్రపీఠం అయింది, కోల్గన్ మొదటి ఆర్చ్‌బిషప్ అయ్యారు. వాళ్ళ ఉత్తరాల మీద చిరునామా ఒకటే: ఆర్చ్‌బిషప్స్ హౌస్, అర్మేనియన్ స్ట్రీట్. 1911 నుంచి మిల్‌హిల్ అనే మిషనరీ సభకు చెందిన జాన్ ఏలన్. తాతయ్య తలమీద నీళ్ళు పోసిన రోజున మా ఊరికి ఆర్చ్‌బిషప్ ఆయనే.

ఇప్పుడు ఆ ప్రాంగణంలో విచారణ గురువులు ఉంటున్నారు. ఆఫీసులో కూర్చున్న పెద్దాయనను బాబాయి తమిళంలో అడిగాడు. ఆర్చ్‌బిషప్ ఇక్కడ ఉండేవారు, అది చాలా కాలం మాట, ఇప్పుడు శాంథోమ్ వెళ్ళండి అన్నాడాయన. మాకు కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇచ్చి, ఆ తర్వాతే ఎందుకు అడుగుతున్నారని అడిగాడు. జిరాక్స్ చూపిస్తే కళ్ళద్దాలు తుడుచుకుని మొత్తం చదివాడు. "గుంటూర్," అన్నాడు. "అప్పుడు ఇదే మీ బిషప్ హౌస్."

బయటికొచ్చే ముందు మెట్టు దగ్గర కాసేపు నిలబడ్డాను. రాతి మెట్టు. మధ్యలో అరిగి, అరచేయి బోర్లించినంత మేర గుంట పడింది. ఆ గుంటలో ఎవరో రాల్చిన మల్లెపువ్వు ఒకటి నలిగి ఉంది. మా ఊళ్ళో సున్నం వేయించుకున్న దొరగారు బండెక్కడానికి ఇలాంటి మెట్టే దిగి ఉంటారు.

మధ్యాహ్నం బీచ్ స్టేషన్ ఎదురుగా అత్తో తిన్నాం. బర్మా నుంచి తిరిగొచ్చిన వాళ్ళ తిండి ఇది. పసుపు రంగు నూడుల్స్, తరిగిన క్యాబేజీ, వేయించిన ఉల్లిపాయ, వెల్లుల్లి, చింతపండు పులుసు, ఎండుమిరప గింజలు, అన్నీ పెద్ద బేసిన్‌లో చేత్తో కలిపి పెడతారు. పక్కన గిన్నెలో అరటి దవ్వ సూప్, అడిగితే ఇంకా పోస్తారు. ఉడికించిన గుడ్డు మధ్యలో చీల్చి అందులో ఉల్లిపాయ, పులుసు కూరి ఇచ్చారు. ఇద్దరికీ కలిపి 190 రూపాయలు. బండి మీద ఉన్నామె మా మాట విని తెలుగులోకి దిగింది. వాళ్ళ తాతలది శ్రీకాకుళం వైపు, రంగూన్ పోయి, 1960లలో ఓడలో ఇక్కడ దిగారట. ఎఫ్రేమ్ ఫాదర్ వెళ్ళాల్సిన దేశం నుంచి వచ్చిన తిండిని ఆయన ఆగిపోయిన చోట తింటున్నానని బాబాయికి చెప్పాను. "కారం సరిపోయిందా?" అన్నాడు. సరిపోయింది.

జనవరి 22, బుధవారం: వేరే కెథీడ్రల్, ఆ తర్వాత శాంథోమ్

ఆటో ఎక్కి "కెథీడ్రల్, బిషప్ హౌస్" అన్నాను. అతను తిన్నగా కెథీడ్రల్ రోడ్డుకు తీసుకెళ్ళి దించాడు. 180 రూపాయలు. అతని తప్పేమీ లేదు. నేను చెప్పిన రెండు మాటలకీ అక్కడ అర్థం ఉంది. ఆ రోడ్డుకు పేరు ఇచ్చింది సెయింట్ జార్జి కెథీడ్రల్. 1815లో ఇంగ్లీషు వాళ్ళు కట్టుకున్న ఆంగ్లికన్ గుడి. మనం ఆంధ్రలో సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అని పిలుచుకునే సంఘం 1947 సెప్టెంబరు 27న పుట్టింది ఈ గుడిలోనే. వాళ్ళకూ బిషప్ ఉన్నారు, ఆఫీసూ ఉంది. తోటలో ఆకులు ఊడుస్తున్న ఆమె నా కాగితం చూడకుండానే చెప్పేసింది, "పోప్ బిషప్ కావాలంటే బీచ్ వైపు పోవాలి."

వచ్చాం కదా అని లోపలికి వెళ్ళి చూశాం. తెల్లటి స్తంభాలు, పాలరాతి విగ్రహాలు, చల్లటి నేల. తొందరలో ఉన్నా అరగంట కూర్చోబుద్ధేసింది. అక్కడి నుంచి శాంథోమ్‌కు ఇంకో ఆటో, 150. మెట్రో పనుల అడ్డుగోడల వల్ల మైలాపూర్ చుట్టూ తిప్పుకుంటూ వెళ్ళాల్సి వచ్చింది. వచ్చేటప్పుడు రైల్లో లైట్‌హౌస్ స్టేషన్ నుంచి వచ్చాం, ఐదు రూపాయల టికెట్. వెళ్ళేవాళ్ళు అలా వెళ్ళడమే మంచిది.

చేరేసరికి ఒంటిగంట. ఆఫీసు భోజన విరామం. పక్క సందులో ఒక మెస్‌లో అన్నం తిన్నాం. వత్త కుళంబు, బీన్స్ పొరియల్, అప్పడం, 110 రూపాయలు. వడ్డించే అబ్బాయి రసం రెండోసారి పోస్తూ "ఊరగాయ మీకు చాలదు" అని అడక్కుండానే నిమ్మకాయ పచ్చడి ఇంకో చెంచా వేశాడు. మేము ఎక్కడివాళ్ళమో మాటను బట్టి తెలిసిపోయింది.

తర్వాత గుళ్ళోకి. తెల్లటి గోపురం, 155 అడుగులు. పోర్చుగీసు వాళ్ళ పాత గుడిని తీసేసి ఈ గుడిని కట్టించింది మైలాపూర్ బిషప్ రీడ్ ద సిల్వా. పని చూసింది కెప్టెన్ పవర్ అనే ఇంజనీరు. 1896 ఏప్రిల్ 1న ప్రతిష్ఠ. కింద నేలమాళిగలో యేసు శిష్యుడు పునీత తోమా సమాధి. అక్కడ ఎవరూ మాట్లాడరు. కేరళ నుంచి వచ్చిన ఒక కుటుంబం మోకాళ్ళ మీద ఉంది. వాళ్ళ చిన్నపాప మాత్రం నా చేతిలో కాగితం కవరు కావాలని చెయ్యి చాపింది.

పైన మైలాపూర్ మాత విగ్రహం ముందు నాకు ఈ యాత్రలో అన్నిటికన్నా ఇష్టమైన కథ గుర్తొచ్చింది. 1545లో మిషనరీ ఫాదర్ ఫ్రాన్సిస్ జేవియర్ వారు ఇక్కడికి వచ్చి నాలుగు నెలలు ఉన్నారు. అప్పటికి ఇక్కడ బిషప్ లేరు, బిషప్ ఇల్లూ లేదు. ఉన్నది గాస్పర్ కొయెల్యో అనే విచారణ గురువు, ఆయన చిన్న ఇల్లు. జేవియర్ వారు ఆ ఇంట్లో దిగి, రాత్రిళ్ళు లేచి తోటలోంచి నడిచి వచ్చి సమాధి దగ్గర ప్రార్థన చేసుకునేవారు. రాత్రి వేళ వెళ్ళొద్దని కొయెల్యో చెప్పినా వినలేదట. ఈ చోట ఇంటికీ గుడికీ సంబంధం మొదలైంది ఆ తోట దారితోనే అని నాకు అనిపిస్తుంది.

మైలాపూర్ మేత్రాసనం 1606 జనవరి 9న ఏర్పడింది. అప్పటి నుంచి ఇక్కడ బిషప్ ఉండాలి. ఉండాలి అని ఊరికే అనడం లేదు. కతోలిక సభ చట్టంలో 'నివాసం' అన్న మాటకు భవనం అన్న అర్థం తర్వాత వచ్చింది. బిషప్ తన జనం మధ్యే కాపురముండాలి అన్నది మొదటి అర్థం. యూరప్‌లో ఒక్కొక్కరు రెండు మూడు పీఠాల ఆదాయం తింటూ ఏ రాజు కొలువులోనో ఉండిపోతుంటే, బిషప్‌లు కూడిన ట్రెంట్ మహాసభ 1563లో గట్టిగా చెప్పింది: మేత్రాసనం వదిలి వెళ్ళకూడదు, ఇంట్లో సామాను సాదాగా ఉండాలి, భోజనం మితంగా ఉండాలి. ఇప్పటి చట్టం కూడా ఏడాదికి నెలకు మించి బయట ఉండకూడదంటుంది. క్రిస్మసుకు, పవిత్ర వారానికి, ఈస్టరుకు ఎంతో ముఖ్యమైన పని ఉంటే తప్ప తన మేత్రాసనంలోనే ఉండాలంటుంది.

అయితే మైలాపూర్‌లో ఆ నియమం దశాబ్దాల పాటు కాగితం మీదే ఉండిపోయింది. ఇక్కడి బిషప్‌ను ఎంచే హక్కు పోర్చుగల్ రాజుది. 1640లో పోర్చుగల్ స్పెయిన్ నుంచి విడిపోయాక, కొత్త రాజు పంపిన పేర్లకు రోము చాలా కాలం ఒప్పుకోలేదు. పీఠం ఖాళీ. ఎక్కడో యూరప్‌లో ఇద్దరు రాజులు తగువు పడితే ఇక్కడి జాలరి పిల్లలకు భద్రమైన అభ్యంగనం అనే సంస్కారం ఇచ్చే బిషప్ చెయ్యి లేకుండా పోయింది. ఇదంతా చదివినప్పుడల్లా నాకు ఆ భవనాల కంటే ఆ ఖాళీ కాలమే ఎక్కువ బాధ పెడుతుంది.

నాలుగు గంటలకు ఆర్చ్‌బిషప్ హౌస్ గేటు దగ్గరికి వెళ్ళాం. వాచ్‌మన్ నాయుడుపేట వైపు మనిషి. "ఎవరు కావాలమ్మా?" అని తెలుగులోనే అడిగాడు. రికార్డులు చూసే ఫాదర్ గారు వెళ్ళిపోయారు, పొద్దున పదింటికి రమ్మన్నాడు. బయటి బెంచీ మీద కూర్చోమని ఫ్యాను వేశాడు. ఎదురుగా నోటీసు బోర్డు. దాని మీద ఆర్చ్‌బిషప్ గారి సర్క్యులర్, పైన ఆయన ముద్ర. ఆకుపచ్చ టోపీ, దాని నుంచి రెండు వైపులా వేలాడే కుచ్చులు. లెక్కపెట్టాను. ఒకటి, దాని కింద రెండు, మూడు, నాలుగు. వైపుకు పది. ఆర్చ్‌బిషప్‌కు పది, బిషప్‌కు ఆరు. అంటే 1896లో గుడి కట్టించిన రీడ్ ద సిల్వాకు ఆరే. అప్పట్లో పది కుచ్చుల మనిషి అర్మేనియన్ వీధిలో ఉండేవారు. ఒకే ఊళ్ళో ఇద్దరు పీఠాధిపతులు, ఒకరు రోము పంపినవారు, ఒకరు లిస్బన్ ఎంచినవారు. 1950లో పోర్చుగల్ ఆ హక్కు వదులుకుంది. 1952 నవంబరు 13న రెండు పీఠాలూ కలిపి మద్రాసు-మైలాపూర్ అగ్రపీఠం చేశారు. అర్మేనియన్ వీధిలో 1935 నుంచి ఆర్చ్‌బిషప్‌గా ఉన్న లూయీ మథియాస్ కొత్త అగ్రపీఠానికి మొదటి ఆర్చ్‌బిషప్ అయ్యారు. శాంథోమ్ కెథీడ్రల్ అయింది, మరియమాత గుడి కో-కెథీడ్రల్ అయింది. అలా ఆర్చ్‌బిషప్ చిరునామా కోట పక్క నుంచి సముద్రం ఒడ్డుకు వచ్చింది.

రాత్రి పిన్నికి జవాబు చెప్పాను. అది ఒక్క మనిషి ఇల్లు కాదు పిన్నీ, పైన ఆయన ఉంటే కింద ఆఫీసు, పత్రాల గది, చాపెల్ (చిన్న ప్రార్థన గది), బయటూళ్ళ నుంచి వచ్చే గురువులకు గదులు, పెళ్ళి అనుమతుల నుంచి స్కూళ్ళ తగువుల దాకా అన్నీ అక్కడికే వస్తాయి. ఇది నిజమే. కానీ ఆమె ప్రశ్న కూడా నిజమైనదే, సభ లోపలి వాళ్ళూ అది అడుగుతూనే ఉన్నారు. అమెరికాలో బోస్టన్ ఆర్చ్‌బిషప్ 2004లో తన భవనాన్ని పక్కనున్న కాలేజీకి అమ్మేశారు. గురువుల చేతుల్లో హింస పడ్డ పిల్లలకు నష్టపరిహారం ఇవ్వాల్సి వచ్చింది, ఆ డబ్బు కోసం. ఆయన కెథీడ్రల్ పక్కనున్న మామూలు ఇంటికి మారిపోయారు. పోపు ఫ్రాన్సిస్ 2013లో ఎన్నికయ్యాక రాజభవనంలోకి వెళ్ళకుండా గెస్ట్‌హౌస్‌లోనే ఉండిపోయారు. ట్రెంట్ మహాసభ చెప్పిన సాదా సామాను, మితమైన భోజనం అన్న మాటకు అదే సరైన అర్థం అని నేను నమ్ముతాను. పిన్ని అంతా విని, "మరి మనాయన ఎలా ఉంటాడో చూశావా?" అంది. లోపలి గదులు చూడలేదు, చూస్తానని అడగనూ లేదు. ఒకరి ఇల్లు అది.

జనవరి 23, గురువారం: దరఖాస్తు, ఆ తర్వాత రాయపేట హైరోడ్డు

పదింటికల్లా బెంచీ మీద ఉన్నాం. నాయుడుపేట వాచ్‌మన్ మాకు టీ తెప్పించాడు, డబ్బులివ్వబోతే బాబాయి చెయ్యి పక్కకు నెట్టాడు. రికార్డులు చూసే ఫాదర్ చిన్న వయసాయన. తెలుగు రాదు, బాబాయి మధ్యలో ఉన్నాడు. జిరాక్స్ తీసుకుని కిటికీ వెలుతురు దగ్గరికి వెళ్ళాడు. లాటిన్ గబగబా చదివాడు.

నేను అడగాలనుకున్నది ఒకటే. అసలు రిజిస్టర్ మా ఊరి విచారణలో ఉండేది. 1980లలో తుఫాను నీళ్ళు వచ్చి చాలా పేజీలు పోయాయి. తాతయ్య వాళ్ళ అన్నదమ్ముల పేర్లు, ఆ కుటుంబం ఎప్పుడు విశ్వాసంలోకి వచ్చిందన్న వివరం ఆ పేజీలతో పోయింది. అయితే 1917 నాటి సభ చట్టం ప్రకారం ప్రతి విచారణ గురువూ ఏడాది చివర తన రిజిస్టర్లకు నకలు రాయించి బిషప్ కార్యాలయానికి పంపాలి. 1926లో మా బిషప్ కార్యాలయం అర్మేనియన్ వీధిలో ఉంది. అంటే మా ఊరి నకలు ఒకటి ఆ మెట్టెక్కి ఉండాలి. అది 1928లో నెల్లూరు వెళ్ళిందా, 1952లో శాంథోమ్ వచ్చిందా?

ఫాదర్ గారికి నా ప్రశ్న నచ్చిందని ముఖం చూస్తే తెలిసింది. బిషప్ ఇంట్లో పత్రాలు ఎలా ఉంటాయో ఓపిగ్గా చెప్పారు. మామూలు పత్రాల గది ఒకటి, దానికి జాబితా. అది కాక రహస్య పత్రాలకు ఒక బీరువా, ఆ తాళం బిషప్ ఒక్కరి దగ్గరే ఉండాలి, ఇంకెవరికీ ఇవ్వకూడదు. "మీది మామూలు గది పని," అని నవ్వారు. వెంటనే చూపించడం కుదరదు, రాతపూర్వకంగా ఇవ్వండి, వెతికి చెబుతాం అన్నారు. నేను అక్కడే బెంచీ మీద కూర్చుని దరఖాస్తు రాశాను. తాతయ్య పేరు మూడు చోట్ల రాయాల్సి వచ్చింది. మూడోసారి రాస్తున్నప్పుడు చెయ్యి కొంచెం వణికింది. ఆయన పేరు మద్రాసు బిషప్ ఇంట్లో ఎవరో రాయడం బహుశా తొంభై తొమ్మిదేళ్ళ తర్వాత ఇదే.

అక్కడి నుంచి ఎండలో నడుచుకుంటూ లజ్ మీదుగా రాయపేట హైరోడ్డు. 126 నంబరు. పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న నిరాహార దీక్ష మొదలుపెట్టింది ఈ చిరునామాలోనే, బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో. డిసెంబరు 15న ఇక్కడే కన్నుమూశారు. స్మారక భవనంలో మేము తప్ప ఎవరూ లేరు. బాబాయి చెప్పులు విప్పి ఫొటో ముందు నిలబడ్డాడు. బాబాయి పుట్టింది ఆ మరుసటి ఏడాది.

నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. రెండు పీఠాలు కలిసిన నవంబరు 13 శ్రీరాములు గారి దీక్షకు 26వ రోజు. మద్రాసు పేరుతో ముడిపడిన రెండు సంగతులు ఒకే మైలాపూర్‌లో, కొద్ది వారాల తేడాలో. ఒక చోట పోర్చుగల్, రోము గీసిన గీతలు చెరిపేసి ఒకటి చేస్తున్నారు. ఇంకో చోట ఒక మనిషి మనకొక గీత కోసం తిండి మానేశాడు. శాంథోమ్‌లో గంట మోగితే ఆ రోజుల్లో ఈ ఇంటిదాకా వినిపించేదా అని బాబాయిని అడిగాను. ట్రాఫిక్ లేని రోజులు కదా, తెల్లవారుజామున వినిపించే ఉంటుందన్నాడు. ఆ మధ్యాహ్నమంతా నేను ఆ మాటే తలచుకుంటూ ఉన్నాను.

సాయంత్రం లైట్‌హౌస్ స్టేషన్ దగ్గర వేడి సుండల్ (గుగ్గిళ్ళు) తిన్నాం, పొట్లం 20 రూపాయలు, పైన పచ్చి మామిడి తురుము. ప్లాట్‌ఫాం మీద గాలి బాగా వీస్తోంది. దరఖాస్తు అందినట్టు ముద్ర వేసిన కాగితం నా దగ్గరున్న కవర్లో తాతయ్య జిరాక్స్ పక్కన పెట్టాను. జవాబు పోస్టులో రావడానికి ఎన్నాళ్ళు పడుతుందోనని నేను అంటుంటే, నెలకోసారి తానే వెళ్ళి కనుక్కుంటానని బాబాయి అన్నాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, ఫాదర్ గారి ఆఫీసు వేళలు రాసుకుని, కింద ఇంకో వరస రాశాడు: ఆటో వద్దు, లైట్‌హౌస్‌లో దిగాలి.